ఆన్‌లైన్ థెరపీ: డబ్బు పంపేముందు ఆ కాగితం అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్, ఈఏపీసెట్, నీట్ ఫలితాల రోజుల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఎవరి ఫోన్ తెరిచినా ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ప్రకటనలే కనిపిస్తాయి. మొదటి సెషన్ ఉచితమంటారు, పది సెషన్లు కలిపి కొంటే తగ్గింపంటారు, ఇరవై ఒక్క రోజుల్లో డిప్రెషన్ మాయమంటారు. వీటి మధ్యలోనే చక్కగా చదువుకుని నిజాయతీగా పనిచేసేవాళ్ల ప్రకటనలూ ఉంటాయి. బాధలో ఉన్న మనిషికి, ఆ మనిషిని చూసి కంగారుపడుతున్న ఇంటివాళ్లకు ఏది ఏదో తేల్చుకునే ఓపిక ఉండదు. అందుకే ఈ ఉత్తరం. మేం ఈ రంగంలో పనిచేసేవాళ్లం. చెప్పదలచుకున్నది ఒకటే: ఎవరు, ఏ సేవ, ఎంత డబ్బుకు, ఏ షరతుల మీద ఇస్తున్నారో తెలుగులో రాసిన ఒక కాగితం చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా పంపకండి.

ఆన్‌లైన్ థెరపీకి మేం వ్యతిరేకం కాదు. మన ప్రాంతానికి అది నిజంగా అవసరం. కుప్పంలోనో సత్యవేడులోనో ఉన్న మనిషి వారం వారం యాభై నిమిషాల మాట కోసం తిరుపతికో వేలూరుకో బెంగళూరుకో వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. "ఎక్కడికి పోయొస్తున్నావు?" అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. ఫోన్‌లో అయితే ఆ బాధ లేదు. కానీ ఆసుపత్రిలో ఉండే రక్షణలు కూడా ఇక్కడ ఉండవు. విడిగా ప్రాక్టీసు చేసే థెరపిస్టు వెనక సూపరింటెండెంటు లేడు, రిసెప్షన్ లేదు, గోడకు తగిలించిన రేట్ల బోర్డు లేదు. అన్నిటికీ ఆ రాతపత్రమే ఆధారం.

ముందు ఆ కాగితం మీద ఎవరి పేరుందో చూడాలి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపై మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లాంటి పీజీ చేసిన డాక్టరు. మందులు రాసే అధికారం ఆయనకుంది. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆన్‌లైన్‌లో మందు చీటీ ఇవ్వాల్సింది రిజిస్టరైన డాక్టరే, ఆ చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద వాళ్ల పేరు కేంద్ర రిజిస్టరులో ఉండాలి. ఎంఏ సైకాలజీ తర్వాత గుర్తింపు పొందిన సంస్థలో రెండేళ్ల ఎంఫిల్ చేయడం ఇన్నాళ్లూ ఎక్కువమంది వచ్చిన దారి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఎంఏ చేసి కౌన్సెలింగ్‌లో బాగా అనుభవం గడించినవాళ్లూ ఉన్నారు, వాళ్ల సాయం విలువైనదే. కానీ వాళ్లు క్లినికల్ సైకాలజిస్టు అని రాసుకోకూడదు. రెండు రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్‌తో థెరపిస్టులైనవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పేరు ముందు డాక్టర్ అని ఉంటే అది ఎంబీబీఎస్సో, పీహెచ్‌డీయో అడగడానికి మొహమాటపడొద్దు. సరైనవాళ్లెవరూ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఇక డబ్బు. ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే, అదీ ఫీజు ఎక్కువని కాదు, మొత్తం లెక్క ముందే తెలియక. సెషన్‌కు వెయ్యి రూపాయలు అనుకుందాం. ఇంట్లోవాళ్లు ఆ వెయ్యికి సిద్ధపడతారు. కానీ ఆందోళనకో, మధ్యస్థాయి డిప్రెషన్‌కో ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే పద్ధతిలో పని చేయాలంటే మామూలుగా పన్నెండు నుంచి పదహారు సెషన్లు పడతాయి. వారానికొకటి చొప్పున మూడు నాలుగు నెలలు, అంటే పన్నెండు నుంచి పదహారు వేలు. ఈ సంగతి మొదటిరోజే చెప్పకపోతే మూడో సెషన్ దగ్గర చేతిలో డబ్బు అయిపోతుంది. మొదటి రెండు మూడు సెషన్లు చరిత్ర రాసుకోవడానికి, సమస్య ఎలా నడుస్తోందో అర్థం చేసుకోవడానికే సరిపోతాయి. అసలు పని మొదలయ్యేచోట మనిషి ఆగిపోతాడు. "థెరపీ చేయించాం, ఏం లాభం లేదు" అన్న మాట ఊళ్లో మిగిలిపోతుంది.

కాబట్టి మొదటి పలకరింపులోనే అడగండి: సుమారుగా ఎన్ని సెషన్లు పట్టొచ్చు, ఎన్నో సెషన్ దగ్గర ఆగి లాభనష్టాలు చూస్తారు, కాస్త కుదుటపడ్డాక రెండు వారాలకొకసారికి మారవచ్చా. ఖచ్చితమైన సంఖ్య ఎవరూ చెప్పలేరు. కానీ అంచనా కూడా చెప్పనివాళ్ల దగ్గర మొదలుపెట్టకపోవడమే మంచిది. విడిగా పనిచేసే చాలామంది విద్యార్థులకు, పని లేనివాళ్లకు తక్కువ ఫీజుతో కొన్ని గంటలు పక్కన పెడతారు. అడగనివాళ్లకు అది తెలియదు. అడగడం చిన్నతనం కాదు.

మొదటి సెషన్ గంట నుంచి గంటన్నర దాకా ఉంటుంది, దాని ఫీజు కొంచెం ఎక్కువే ఉండొచ్చు. తర్వాతివి నలభై అయిదు, యాభై నిమిషాలు. గంటకు తీసుకుని యాభై నిమిషాలే మాట్లాడతారేమని కొందరికి కోపం వస్తుంది. మిగిలిన పది నిమిషాలు నోట్సు రాసుకోవడానికి, తర్వాతి మనిషికి మనసు సిద్ధం చేసుకోవడానికి. పనిని శ్రద్ధగా చేసే థెరపిస్టు రోజుకు అయిదారు సెషన్లకు మించి చూడలేరు. ఆ ఫీజులోంచే తన సీనియరు దగ్గర చేసుకునే సంప్రదింపులకు, వీడియో సదుపాయానికి కూడా ఖర్చుపెట్టుకోవాలి. ఉచితమని చెప్పే పదిహేను నిమిషాల ఫోన్ కాల్ ఒకరికొకరు కుదురుతారో లేదో చూసుకోవడానికే. అందులో చికిత్స జరగదు.

ప్యాకేజీల విషయంలో మా అభిప్రాయం గట్టిది. పది సెషన్ల డబ్బు ముందే కట్టించుకుని "రీఫండ్ లేదు" అనేవాళ్ల దగ్గరికి పోకండి. థెరపీ సగం పనిచేసేది ఇద్దరి మధ్య నమ్మకం మీద. రెండో సెషన్‌కే ఈ మనిషితో మాట్లాడలేనని అనిపిస్తే లేచి వెళ్లిపోగలగాలి. కట్టిన డబ్బు కాలికి అడ్డం పడితే మనిషి మాట్లాడకుండా సెషన్లు పూర్తిచేస్తాడు. ఏ సెషన్‌కు ఆ సెషన్ కట్టడం అన్నిటికన్నా మేలు. ప్యాకేజీయే కావాలనుకుంటే వాడుకోని సెషన్ల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాసివ్వమనండి.

రద్దు నియమం దగ్గర తగాదాలు ఎక్కువ. సాధారణంగా ఇరవై నాలుగు గంటల ముందు చెబితే డబ్బు పోదు, ఆ తర్వాత చెబితే మొత్తమో సగమో పోతుంది. ఇది అన్యాయం కాదు, ఆ గంట ఇంకెవరికీ ఇవ్వలేదు గనుక. కానీ నియమం రెండు వైపులా ఉండాలి. థెరపిస్టే చివరి నిమిషంలో రద్దు చేస్తే ఏమిటి? ఇంట్లో చావు, ఆసుపత్రి, హఠాత్తుగా మారిన పరీక్ష తేదీ లాంటివాటికి మినహాయింపు ఉందా? పది నిమిషాలు ఆలస్యంగా వస్తే సెషన్ పొడిగిస్తారా, అనుకున్న సమయానికే ముగిస్తారా? ఇవన్నీ ఆ కాగితంలో ఉండాలి. కాల్ తెగిపోతే ఏం చేయాలన్నది కూడా. న్యాయమైన పద్ధతి ఇది: తెగిన వెంటనే థెరపిస్టే ఫలానా నంబరుకు మామూలు ఫోన్ చేస్తారు, మిగిలిన సెషన్ మాటతోనే పూర్తిచేస్తారు. వాళ్లవైపు కరెంటు, నెట్ పోతే పోయిన నిమిషాలు తర్వాత ఇస్తారు. సగానికిపైగా పోతే ఫీజు తీసుకోరు. ఒక సెషన్ వీడియోకు సుమారు అర జీబీ నుంచి ఒక జీబీ దాకా డేటా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకున్న ఇంట్లో పిల్లలు పొద్దున్నే రీల్స్ చూసేస్తే సాయంత్రం సెషన్ మధ్యలో బొమ్మ బిగుసుకుపోతుంది. సిగ్నల్ ఊగిసలాడుతుంటే వీడియో ఆపేసి మాట మీదే నడపడం నయం.

మన ఇళ్లలో అసలు కష్టం చోటు. రెండు గదుల ఇల్లు, హాల్లో టీవీ, వంటింట్లో అత్తగారు. తలుపు దగ్గర ఫ్యాన్ పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే అవతలి గొంతు బయటికి రాదు, మన గొంతు కొంత కలిసిపోతుంది. మిద్దె మీద అయినా, ఆపిన కారులో అయినా ఫరవాలేదు. నడుపుతూ మాత్రం వద్దు. ఎవరైనా గదిలోకి వస్తే వాడటానికి ఒక మాట ముందే అనుకోవాలి. "ఆ బిల్లు రేపు కడతాను" అనగానే అవతలివాళ్లు మామూలు కబుర్లలోకి మారిపోవాలి. ఫోన్ ఇంట్లో నలుగురూ వాడేదైతే వాట్సాప్ సందేశాలు తెర మీద కనిపించకుండా నోటిఫికేషన్ ఆపుకోండి. ఫోన్‌పే, గూగుల్‌పే చరిత్రలో థెరపిస్టు పేరు పడుతుందని గుర్తుంచుకోండి. సెషన్ల మధ్యలో పంపే మెసేజీలకు జవాబిస్తారా, ఏ వేళల్లో, దానికి డబ్బుందా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అర్ధరాత్రి దాకా వాయిస్ మెసేజీలు పంపుకుంటూ ఉండటం చికిత్స కాదు. అలా నడిపే థెరపిస్టు హద్దు తెలియనివారు.

ఫీజు కట్టినందుకు ఏం జరగాలో కూడా తెలియాలి కదా. ఓపిగ్గా విని సలహా చెప్పడం ఒక్కటే థెరపీ కాదు. మొదట్లోనే డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నపత్రం ఇస్తారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం ఇరవై ఏడు. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్‌ను పట్టించుకోవాల్సిన స్థాయి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక మరేది రాసినా ఆ రోజే దాని గురించి మాట్లాడాలి. నాలుగైదు సెషన్లకొకసారి మళ్లీ అదే పత్రం నింపించి అంకె తగ్గుతోందా చూస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కదలిక లేకపోతే పద్ధతి మార్చాలి, లేదా సైకియాట్రిస్టుకు చూపించమనాలి. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా నీరసాన్ని, దిగులును తెస్తాయి గనుక ఆ రక్తపరీక్షలు అయ్యాయా అని మొదట్లోనే అడిగేవారు పని తెలిసినవారు.

తిరుపతి లాంటి ఊళ్లో చెప్పుకోవాల్సిన సమస్య ఒకటుంది. పూజగదిలో నిలబడగానే దేవుడి మీద బూతు ఆలోచనలు, అపచారపు బొమ్మలు మనసులోకి తోసుకొచ్చేవాళ్లున్నారు. ఎవరికీ చెప్పుకోలేరు. పాపమనుకుని మళ్లీ మళ్లీ స్నానాలు, తప్పు పోయిందనిపించేదాకా అదే శ్లోకం పదేపదే, మొక్కు మీద మొక్కు. ఇది భక్తి లోపం కాదు, ఓసీడీ అనే జబ్బులో ఒక రకం. ఆ ఆలోచన అంతగా బాధిస్తోందంటే ఆ మనిషికి దేవుడంటే అంత పట్టింపు ఉందని అర్థం. చికిత్సలో ఆలోచనను తరిమేయడానికి ప్రయత్నించరు. ఆలోచన వచ్చినా శ్లోకం ఒక్కసారే చదివి, రెండోసారి చదవాలన్న ఒత్తిడిని ఆపుకుని, ఆ గుబులు దానంతటదే దిగేదాకా అక్కడే నిలబడటం నేర్పిస్తారు. తేలికైన మెట్టుతో మొదలుపెట్టి పైకి వెళతారు. "ఏం కాదులే, దేవుడు క్షమిస్తాడు" అని ఇంట్లోవాళ్లు గంటగంటకూ ఇచ్చే భరోసా కూడా జబ్బును పెంచుతుంది, దాన్నీ నెమ్మదిగా తగ్గిస్తారు. ఇందులో ఆన్‌లైన్‌కు ఒక మేలుంది: ఫోన్ పూజగది గుమ్మం దగ్గర పెట్టి, సమస్య పుట్టేచోటే పని చేయవచ్చు. క్లినిక్ గదిలో అది కుదరదు. ఇదే జబ్బుకు పది సెషన్లూ మాటలతోనే గడిపేస్తుంటే మీరు కడుతున్నది వృథా.

ఆన్‌లైన్‌లో చేయకూడనివి ఉన్నాయి, డబ్బిస్తామన్నా ఒప్పుకోకూడనివి. ఎవరూ లేకుండా మాటలు వినిపించడం, ఇంట్లోవాళ్లు విషం పెడుతున్నారన్న అనుమానం, నాలుగైదు రోజులుగా నిద్ర లేకున్నా అలుపు లేని హుషారు, చనిపోవడానికి ఏర్పాటు చేసుకుని ఉండటం, వీటికి ఎదురుగా చూసే డాక్టరు కావాలి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో పొంతన లేని మాటలు, లేనివి కనిపించడం రావచ్చు. అందులో ప్రాణం పోయే ప్రమాదముంది. దీనికి వీడియో కాల్‌లో ధైర్యం చెప్పి డబ్బు తీసుకోవడం నేరంతో సమానమని మా అభిప్రాయం. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగముంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. కొట్టే భర్త పక్కగదిలో వింటూ ఉన్నప్పుడు కూడా సెషన్ నడపకూడదు. ముందు ఆమె భద్రత చూడాలి, మహిళల హెల్ప్‌లైన్ 181 అందుకే ఉంది. పిల్లల ఐక్యూ పరీక్షలు కూడా ఎదురుగా కూర్చుని చేయాల్సినవి. ఆన్‌లైన్ ఐక్యూ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టకండి, వైకల్య ధ్రువపత్రానికి అది పనికిరాదు.

ప్రతి సెషన్ మొదట్లో మీరు ఆ క్షణంలో ఏ చిరునామాలో కూర్చున్నారో థెరపిస్టు అడగాలి. దగ్గరివాళ్ల ఫోన్ నంబరు ఒకటి ముందే తీసుకుని ఉండాలి. థెరపిస్టు హైదరాబాదులో, మీరు రేణిగుంటలో ఉన్నప్పుడు ఏదైనా జరిగితే 108 బండిని ఏ వీధికి పంపాలో అవతల తెలియాలి కదా. ఈ రెండు వివరాలు అడగనివాళ్లు ఆన్‌లైన్ పనికి సిద్ధంగా లేరన్నమాట.

గోప్యత గురించి అందరూ "వంద శాతం" అంటారు. అది సరైన మాట కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది, మినహాయింపులూ చెప్పింది. ప్రాణహాని ఉంటే, కోర్టు ఆదేశిస్తే చెప్పాల్సి వస్తుంది. పిల్లలపై లైంగిక అఘాయిత్యం తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ఇవి మొదటిరోజే చెప్పాలి. ఇంకో గొడవ మన దగ్గర తరచూ వస్తుంది: "డబ్బు కడుతున్నది నేను, మావాడు ఏం చెప్పాడో నాకు చెప్పాలి" అని తండ్రి, "మా ఆవిడ నా గురించి ఏమంది" అని భర్త. కట్టినంతమాత్రాన ఆ హక్కు రాదు. పద్దెనిమిది నిండని పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. అయినా వాళ్లకు చెప్పేది సెషన్‌కు వస్తున్నాడా, ప్రమాదమేమైనా ఉందా, ఇంట్లో ఏం మార్చుకోవాలి, ఇంతే. పిల్లవాడి మాటలు పిల్లవాడివే. రెండు వైపులా ఎవరూ రికార్డు చేయకూడదు.

రసీదు ప్రతిసారీ తీసుకోండి. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సెషన్ నిడివి, మొత్తం అందులో ఉండాలి. మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. ఓపీ ఖర్చు పాలసీలో ఉంటేనే సెషన్ ఫీజు అడగవచ్చు, అదీ వాళ్ల షరతులకు లోబడి. "ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుంది" అన్న నోటిమాట నమ్మి అప్పు చేయకండి. అమెరికాలో ఉన్న పిల్లలకు ఇక్కడి థెరపిస్టుతో తెలుగులో మాట్లాడిద్దామనుకునే తల్లిదండ్రులకు ఒక మాట: అక్కడ లైసెన్సులు రాష్ట్రాలవారీగా ఉంటాయి. పిల్లలున్న రాష్ట్రంలో చికిత్స చేయడానికి అనుమతి ఉందా అని థెరపిస్టును సూటిగా అడగండి.

అసలు డబ్బే లేనివాళ్లకు 14416 ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. వారం వారం సాగే థెరపీకి అది ప్రత్యామ్నాయం కాదు గానీ, ఈ రాత్రి గడవడానికి, రేపు ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. మోసపోయామనుకున్నవాళ్లు ముందు థెరపిస్టుకే రాతపూర్వకంగా చెప్పండి. రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కు రాయవచ్చు. డబ్బు తగాదాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. ఆ రసీదులు, ఆ కాగితం అప్పుడు అక్కరకొస్తాయి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీల్లో, క్లాసిఫైడ్స్‌లో కౌన్సెలింగ్ ప్రకటన తీసుకునేటప్పుడు చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, ఒక సెషన్ ఫీజు, రద్దు నియమం అచ్చులో ఉండాలని అడగండి. రిజిస్ట్రేషన్ లేని కౌన్సెలర్లయితే ఆ మాటే రాయించండి. "శాశ్వత విముక్తి", "గ్యారంటీ" అన్న మాటలున్న ప్రకటన వెనక్కి పంపండి. ఇది వచ్చే ఫలితాల సీజనుకు ముందే మొదలుపెట్టగలిగితే మరీ మంచిది.

ఇట్లు,
మానసిక చికిత్స రంగంలో పనిచేస్తున్న కొందరు,
తిరుపతి